పొగాకు అడుగు ఆకుల మీద తెల్లమచ్చలు: కప్పకన్ను తెగులేనా?

ప్రశ్న:
కందుకూరు వైపు తేలిక నేల, మూడెకరాల వర్జీనియా పొగాకు. నాటి 55 రోజులైంది. పోయిన వారం మూడు రోజులు ముసురు పట్టింది. ఇప్పుడు అడుగు నాలుగైదు ఆకుల మీద గుండ్రటి మచ్చలు, మధ్యలో తెలుపు, చుట్టూ గోధుమ రంగు. మందుల కొట్లో బావిస్టిన్ అనే తెగులు మందు కొట్టమంటున్నారు. పది రోజుల్లో మొదటి రెలుపు (పక్వానికొచ్చిన ఆకు కోత). కొట్టొచ్చా?

జవాబు:
మందు కొనే ముందు మచ్చ ఏదో తేల్చుకోండి అన్నా. కప్పకన్ను అయితే మధ్యభాగం కాగితంలా పల్చబడి తెల్లగా ఉంటుంది. అందులో సూదిమొనంత నల్ల చుక్కలు కనబడతాయి, అవే శిలీంధ్రం కుచ్చులు. గోధుమ మచ్చ తెగులులో తెల్ల కన్ను ఉండదు. మచ్చలో ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు, బయట పసుపు అంచు ఉంటాయి. ఇది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. దీని మీద కార్బెండజిమ్, అంటే బావిస్టిన్, పనిచేయదు. ఎన్నిసార్లు కొట్టినా డబ్బు దండగే. కప్పకన్ను సెర్కోస్పోరా అనే మరో శిలీంధ్రం వల్ల వస్తుంది, దాని మీద బావిస్టిన్ పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
భూతద్దంతో చూశా. నల్ల చుక్కలున్నాయి, వలయాలు లేవు.

జవాబు:
అయితే కప్పకన్నే. ముందు మచ్చలు పడ్డ అడుగు ఆకులు తుంచి చేను బయటకు తీసుకెళ్లి కాల్చేయండి. సాళ్ల మధ్య పడేస్తే వాన చినుకుతో బీజాలు మళ్లీ పై ఆకులకే ఎగురుతాయి. ఇంకో నాలుగు రోజుల్లో పక్వానికొచ్చే ఆకు ఉంటే అది రెలిచాకే మందు కొట్టండి. కొట్టిన వెంటనే రెలిస్తే అవశేషాలు ఆకులోనే మిగులుతాయి, వేలంలో అదే సమస్య. కార్బెండజిమ్ 50 శాతం పొడి మందు ఎకరాకు 200 గ్రాములు, 200 లీటర్ల నీళ్లలో. 15 లీటర్ల ట్యాంకుకు 15 గ్రాములు. ఆకు కింది వైపు తడవాలి, నాజిల్ కింద నుంచి పైకి తిప్పండి. 15 రోజుల తర్వాత కొత్త మచ్చలు వస్తుంటేనే రెండోసారి. ఏ మందైనా పొగాకు బోర్డు అనుమతించిన జాబితాలో ఉందో లేదో క్షేత్ర అధికారిని అడిగి కొనండి.

ఆకు ముదురు పచ్చగా ఉందని మురిసిపోయి ఇప్పుడు నత్రజని వేయకండి. చేను గుబురెక్కి తేమ ఆరదు, మచ్చకు అదే కావాలి.

మరో జవాబు:
బ్యారన్ (రెలిచిన ఆకును వేడితో ఆరబెట్టే గది) సంగతి ఎవరూ చెప్పలేదు. చేలో శుభ్రంగా కనిపించిన ఆకు కూడా లోపల తెగులు పట్టి ఉండొచ్చు. మచ్చ తేలేలోపే రెలిస్తే, బ్యారన్‌లో ఆకును పసుపు రంగుకు తిప్పే (పండించే) దశలో 90-100 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, తేమ మధ్య శిలీంధ్రం మేల్కొంటుంది. ఎండాక చూస్తే ఆకంతా చిన్న చిన్న నల్ల మచ్చలు, గ్రేడు దిగిపోతుంది. అందుకే వాన తడి ఆరకుండా రెలవొద్దు, కర్రల మీద ఆకు మరీ దట్టంగా అల్లొద్దు. రంగు తిరగ్గానే గాలి తలుపులు తెరిచి తేమ బయటకు పోనివ్వండి, పండించడం సాగదీయకండి.

మరో జవాబు:
వచ్చే ఏడాదికి: చివరి రెలుపు కాగానే మోళ్లు పీకేయండి. వాటి మీదే శిలీంధ్రం బతికి ఉంటుంది. నారుమడి పాతచోట వేయొద్దు. విత్తనం సెంటుకు 12-14 గ్రాములు దాటితే నారు ఒత్తుగా లేచి, మచ్చ అక్కడే మొదలై నారుతోపాటే చేలోకి వస్తుంది.