నల్లరేగడి పెరట్లో ఎత్తు మళ్ళు: ఇటుక గోడ కట్టించాలా, నాపరాళ్ళు పాతాలా?

పెరటిపాదు:
మాది గుంటూరు వైపు, పెరడంతా నల్లరేగడి. వానాకాలం నీళ్ళు నిలిచి వంగ, టమాటా వేళ్ళు కుళ్ళుతున్నాయి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు. అందుకని 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తుతో రెండు మళ్ళు వేద్దామనుకుంటున్నాం. ఐదారు వేలు మించకూడదు. మేస్త్రీ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సిమెంటుతో కట్టేద్దాం అంటున్నాడు. ప్రహరీకి ఆనించి కడితే ఒక వైపు గోడ ఖర్చు కలిసొస్తుందట. నింపడానికి పెరట్లో మట్టే సరిపోతుందా? అడుగున అట్టపెట్టెలు పరిస్తే కలుపు రాదంటారు, నిజమేనా?

రేగడిసాలు:
సిమెంటు గోడ వద్దండి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది. పునాది లేని సన్న గోడ ఆ కదలికకు ఏడాది తిరక్కుండా మూలల దగ్గర బీటలిస్తుంది. లోతుగా పునాది తీస్తే మీ డబ్బంతా మట్టిలోకే పోతుంది. నేలతో పాటు కదిలే అంచు కావాలి మీకు.

ప్రహరీకి ఆనించడం అంతకన్నా తప్పు. రోజూ పోసే నీళ్ళు పునాది కింద ఒక పక్కే రేగడిని ఉబ్బిస్తాయి, గోడ ఒరుగుతుంది. ప్రహరీకి కనీసం రెండడుగులు, ఇంటి గోడకైతే ఐదడుగులు వదలండి. ఆ సందులో నడవొచ్చు, రెండు వైపులా చెయ్యి అందుతుంది.

అంచుకు నాపరాళ్ళు చాలు. అడుగున్నర ఎత్తు, రెండడుగుల వెడల్పు ముక్కలు మడికి 11. పొడవు వైపులకు నాలుగేసి, అడ్డం వైపులకు ఒక్కొక్క ముక్క, మిగిలిన ఒకదాన్ని సగానికి కోస్తే చెరో సగం. రాళ్ళ డిపోలో అంచు విరిగినవి అడగండి, విరిగిన వైపు మట్టిలోకి పోతుంది కాబట్టి కనపడదు. రాయికంటే బండి కిరాయే ఎక్కువ అనిపిస్తుంది, రెండు మళ్ళకూ ఒకేసారి తెప్పించుకోండి.

చుట్టూ జానెడు వెడల్పు, ఆరంగుళాల లోతు గాడి తీసి రాయి నిలబెట్టి, రెండు పక్కలా మొరం పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టండి. తవ్విన రేగడినే తిరిగి పోస్తే మొదటి ముసురుకే మెత్తబడి, లోపలి మట్టి బరువుకు రాయి బయటికి వాలుతుంది. నిలబెట్టేటప్పుడే లోపలికి వేలెడు వాలు ఇవ్వండి. పొడవు వైపున రెండు రాళ్ళు కలిసే ప్రతిచోటా బయట ఒక 12 ఎంఎం చువ్వ ముక్క, రెండున్నర అడుగులది, అడుగున్నర దిగేలా కొట్టండి. సరుగుడు గుంజలు చవకే కానీ చెద పడుతుంది. రాళ్ళ మధ్య సందులు పూడ్చకండి, వాననీరు పోయేది అక్కడినుంచే.

ఎరువుగుంత:
రాళ్ళు దొరక్కపోతే సిమెంటు లేకుండా ఇటుకలే పేర్చుకోవచ్చు. 9 అంగుళాల ఇటుక పడుకోబెడితే వరుసకు 30, మూడంగుళాల మందం కనుక నాలుగు వరుసలు, అంటే మడికి 120. అతుకు మీద అతుకు రాకూడదు. కాళ్ళు తగిలితే ఊడుతుంది, పిల్లలున్న ఇంట్లో నాపరాయే మేలు.

ఇక నింపడం. మడికి 24 ఘనపుటడుగులు. కింద నాలుగంగుళాలు ఎండాకులు, కొబ్బరి డొక్కలు, సన్న పుల్లలు తొక్కి పరవండి. మీద ఎనిమిది అంగుళాలకు 16 ఘనపుటడుగులు కావాలి. 50 కిలోల ఖాళీ సిమెంటు సంచి ఇంచుమించు ఒకటిం పావు ఘనపుటడుగు పడుతుంది, కాబట్టి 13 సంచులు: మట్టి 6 (ఎక్కువ భాగం ఎర్రమట్టి), మాగిన పశువుల ఎరువు 4, నానబెట్టి కడిగిన కొబ్బరి పొట్టు 3. కిలో వేపపిండి కలపండి. ఎర్రమట్టి యూనిట్ లెక్కన అమ్ముతారు, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. మీకు అంత అక్కర్లేదు, పక్కవాళ్ళతో పంచుకోండి.

పెరటి మట్టి పూర్తిగా వద్దు కానీ, పూర్తిగా పారేయనూ వద్దు. ఆరు సంచుల్లో ఒకటిన్నర సంచి రేగడి, ఎండాక పొడి కొట్టి కలిపితే వేసవిలో తేమ పట్టి ఉంచుతుంది. అంతకు మించితే గట్టిపడి మళ్ళీ నెర్రెలే.

ఎరువు పచ్చిదైతే వేడెక్కి నారు మాడుతుంది, వేరుపురుగు కూడా దాంతోనే వస్తుంది. చేత్తో నలిపితే పొడి కావాలి, పేడ వాసన రాకూడదు.

అట్టలు గరికను కొన్నాళ్ళు ఆపుతాయి, తుంగను ఆపలేవు. పైగా చెదకు విందు. మడి నేలను గునపంతో ఆరంగుళాలు పెళ్ళగించి, తుంగ గడ్డలు ఏరేయడమే మార్గం. ఒళ్ళు నొప్పులే, తప్పదు.

పెరటిపాదు:
మొరం సంగతి అసలు తట్టలేదు. కొబ్బరి పొట్టు బదులు రైస్ మిల్లు బూడిద వాడొచ్చా? ఊరికే ఇస్తామన్నారు.

రేగడిసాలు:
మీ నేలకు వద్దు. రేగడికి, బోరు నీటికి ఎటూ క్షారం ఎక్కువ, బూడిద కూడా క్షారమే. క్షారం ఎక్కువైతే మట్టిలో ఇనుమున్నా మొక్కకు అందదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే అది ఇనుము అందకపోవడం. అలా కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం తర్వాత మరోసారి. పచ్చి ఊక కూడా ఎక్కువ కలపొద్దు, కుళ్ళేటప్పుడు మొక్కకు పోవాల్సిన నత్రజనిని అదే పట్టేస్తుంది. మొక్కల మొదళ్ళ చుట్టూ పైన పరవడానికి మాత్రం బాగుంటుంది.

ఎరువుగుంత:
నింపాక రెండు వారాలు తడిపి వదిలేసి, తర్వాతే నారు నాటండి. మొదటి పంటలోనే రెండు మూడంగుళాలు కుంగుతుంది, ఆ మేరకు ఎరువుతో నింపుకోవాలి. నాపరాయి ఏప్రిల్, మే నెలల్లో కాలుతుంది కాబట్టి పడమటి అంచు నుంచి అర అడుగు దూరం వదిలి మొక్క పెట్టండి.