శివారు కాలనీలకు పెద్ద అంగళ్ళు వచ్చాక: తిరుపతి వాసుల అనుభవాలు

తుమ్మలగుంట వాసి:
తిరుపతి పడమటి శివారులో కొత్తగా తెరిచిన ఒక వాణిజ్య సముదాయానికి కూతవేటు దూరంలో మా ఇల్లు ఉంది. కింది అంతస్తులో సూపర్‌మార్కెట్టు, దానిపైన బట్టల షోరూము, ఆపైన ఫలహారశాలలు, పిల్లల ఆటస్థలం ఉన్న ఆ భవనం గురించే మా కాలనీలో నలుగురు కలిస్తే మాట్లాడుకుంటున్నారు. మేము ఇక్కడ స్థలం కొన్న రోజుల్లో చుట్టూ చెనిక్కాయ చేలు, మామిడి తోపులు ఉండేవి. ఉప్పు, పప్పు మినహా ఏది కావాలన్నా గాంధీ రోడ్డుకో, తిలక్ రోడ్డుకో పోవలసి వచ్చేది. అక్కడ బండి నిలపడానికి చోటు వెతుక్కునేసరికే సగం ఓపిక అయిపోయేది. ఇప్పుడు మా అమ్మగారు సాయంత్రం నడుచుకుంటూ వెళ్ళి, తనకు కావలసినవి తానే చూసి తెచ్చుకుంటున్నారు. అయితే ఆ వేళలోనే ఆమె రోడ్డు దాటడానికి ఎవరో ఒకరు చేయి పట్టుకోవలసి వస్తోంది. భవనం ముందు ఆటోలు రెండు వరుసలుగా నిలుస్తున్నాయి. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు మోత మా పడకగది దాకా వినిపిస్తోంది. తిరుచానూరు, కరకంబాడి రోడ్డు, రేణిగుంట వైపు ఉన్నవారి అనుభవం ఎలా ఉందో తెలుసుకోవాలని అడుగుతున్నాను. మంచిదా, చెడ్డదా అని తీర్పు చెప్పడం కంటే, మీ వీధిలో ఏం మారిందో రాస్తే మేలు.

పద్మావతిపురం గృహిణి:
ముందుగా మంచే చెబుతాను, ఎందుకంటే ఆడవాళ్ళకు ఇందులో ఉన్న సౌకర్యం గురించి మగవాళ్ళు సాధారణంగా రాయరు. పాత బజారులో పెళ్ళి బట్టల కోసం రోజంతా తిరిగినప్పుడు, వెళ్ళడానికి మరుగుదొడ్డి ఉండదని నీళ్ళు తాగడమే మానుకునేవాళ్ళం. కొత్త షోరూములో శుభ్రమైన మరుగుదొడ్డి ఉంది, లిఫ్టు ఉంది, మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి చీరల దగ్గరికి తీసుకువెళ్ళడానికి ఒక మనిషిని కూడా ఇచ్చారు. మా ఆడపడుచు పెళ్ళికి కంచికీ, మద్రాసు టి.నగరుకూ పోయి వచ్చిన శ్రమ తలుచుకుంటే, మా అమ్మాయి పెళ్ళికి ఇక్కడే కొనుక్కోగలగడం ఎంతో నయం. వెంకటగిరి కూడా 2022 నుంచి మన జిల్లాలోనే ఉంది కాబట్టి ఆ చీరలకు ఒక మంచి అర కేటాయించి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని. అడిగితే అమ్మకపు పిల్లలు ఒక మూల నుంచి నాలుగైదు తీసి చూపించారు.

కూరగాయల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. సూపర్‌మార్కెట్టులో ఎర్రగడ్డలను వల సంచుల్లో కట్టి పెడతారు. పైకి నిగనిగలాడుతున్నా, అడుగున మొలక వచ్చినవో మెత్తబడినవో రెండు మూడైనా ఉంటాయి. విప్పి ఏరుకునే వీలు ఉండదు. మా వీధి చివర వేపచెట్టు కింద గోనె పరుచుకుని కూర్చునే ఆమె దగ్గర ఒక్కొక్కటిగా ఏరుకుంటాను, తూకం అయ్యాక ఆమె గుప్పెడు కరివేపాకు కొసరు వేస్తుంది. రైతు తన పంటను తానే అమ్ముకోవాలని 1999లో రైతు బజార్లు మొదలుపెట్టారు. మన శివార్లలో ఇంతింత భవనాలకు స్థలం దొరుకుతున్నప్పుడు నాలుగు రేకుల షెడ్లకు ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు. ఇంకొక మాట: ఆఫర్ల బోర్డు చూసి తొందరపడకుండా, ప్యాకెట్టు మీద గ్రాముకు ఎంత పడుతుందో ముద్రించిన సన్నటి అక్షరాలను చదవండి. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అనుకోవడానికి వీల్లేదని అక్కడే తెలిసిపోతుంది.

చిల్లరంగడి అబ్బాయి:
మాది ఆ సముదాయానికి ఎదురు సందులో ఉన్న చిల్లర అంగడి. అది తెరిచాక మా అమ్మకాలన్నీ పడిపోయాయని అందరూ అనుకుంటారు కానీ, పడిపోయింది కొన్ని సరుకులదే. నెల మొదట్లో జీతం రాగానే కొనే నూనె డబ్బాలు, కందిపప్పు, బియ్యం బస్తాలు, సబ్బుల కట్టలు మా దగ్గర నుంచి పూర్తిగా పోయాయి. పాల ప్యాకెట్లు, గుడ్లు, రూపాయి షాంపూలు, రాత్రి తొమ్మిది దాటాక గుర్తుకొచ్చే అగ్గిపెట్టె, దోమల చుట్ట మిగిలాయి. డబ్బు కాస్త నిలిచేది మొదటి రకంలోనే. పెద్ద వాళ్ళు కంపెనీ దగ్గరే లారీల లెక్కన కొంటారు కాబట్టి, డిస్ట్రిబ్యూటరు మాకు వేసే ధర కంటే వాళ్ళు జనానికి అమ్మే ధరే కొన్ని రోజుల్లో తక్కువగా ఉంటుంది. పండుగ ఆఫర్లు పెట్టినప్పుడు మా నాన్న సంచి పట్టుకుని అక్కడికే వెళతారు. మనిషికి ఇన్నే అన్న పరిమితి ఉంటే అమ్మను, నన్ను కూడా వరుసలో నిలబెట్టి, ఆ నూనె ప్యాకెట్లే తెచ్చి మా అంగట్లో పేరుస్తారు. నవ్వు వచ్చే సంగతే కానీ, ఇప్పుడు మా వ్యాపారం అలాగే నడుస్తోంది.

అప్పు పుస్తకం గురించి కూడా చెప్పాలి. రబ్బరు బ్యాండు చుట్టిన ఆ పొడవాటి పుస్తకంలో చాలా పేజీల మీద మనుషుల పేర్లు ఉండవు. ‘ట్యాంకు వీధి మేస్త్రీ’, ‘పచ్చ గేటు అక్క’, ‘టైలరు తమ్ముడు’ అని నాన్న రాసుకున్న గుర్తులు ఉంటాయి. మేస్త్రీకి కూలి శనివారం అందుతుంది, అప్పటిదాకా ఆయన ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ పేజీయే ఆధారం. ఆ సముదాయంలో టైల్సు పరిచిన కూలీలు కూడా మా దగ్గరే అప్పు పెట్టి తిన్నారు. పని పూర్తయి వాళ్ళు వెళ్ళిపోయాక కొన్ని పేజీలు కొట్టివేయకుండా అలాగే మిగిలాయి.

ఇన్ని చెప్పినా, మమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నది బాడుగ. స్థలం కొలిచే మన అంకణం 36 చదరపు అడుగులే అయినా, సముదాయం పునాది పడిన రోజు నుంచే దాని ధర గురించి వీధిలో రోజుకొక లెక్క వినిపించింది; అది విన్న మా అంగడి యజమాని అడ్వాన్సు పెంచమంటున్నారు. వెనక వీధి అక్క రుబ్బి ఇచ్చే దోసె పిండి మా దగ్గర బాగా పోతోంది కాబట్టి ప్రస్తుతానికి నిలబడ్డాం. మరొక సంగతి, ఫోనులో నొక్కితే ఇంటికి తెచ్చే యాప్‌ల వల్ల కలిగిన నష్టం ముందు ఈ భవనం వల్ల కలిగినది తక్కువే. భవనం కళ్ళకు కనబడుతుంది కాబట్టి మాటలన్నీ దానికే తగులుతున్నాయి.

చిత్తూరు నుంచి:
మీ బాధలు మాకు వింతగా ఉన్నాయి. జిల్లాలు విడిపోయిన తర్వాత వచ్చే ప్రతి పెద్ద అంగడీ తిరుపతిలోనే దిగుతోంది. మేము ఇప్పటికీ మంచి బట్టలకు, కొంచెం పెద్ద వైద్యానికి వేలూరుకు బస్సు ఎక్కుతూనే ఉన్నాం. మా బాడుగలు పెరగకపోవడానికి కూడా అదే కారణమేమో.

విశ్రాంత ఇంజినీరు:
అంగళ్ళ లాభనష్టాల గురించి మీరంతా బాగా రాశారు. నేను నీళ్ళ దారి గురించి రాస్తాను. శేషాచలం కొండల మీద పడిన వాన వంకల గుండా దిగి, పేరూరు, అవిలాల వంటి చెరువులను నింపి, మొరవ పోయిన (నిండి పొర్లిన) నీరు చివరకు స్వర్ణముఖిలో కలవాలి. ఆ వంకలు, సప్లై కాలువలు చాలాచోట్ల ఇప్పుడు ప్లాట్ల మధ్య మురుగుకాలువలంత సన్నబడ్డాయి. 2021 నవంబరులో ఎన్ని కాలనీల్లో నీళ్ళు నిలిచాయో, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్ళను ఎలా ఖాళీ చేయించారో అందరికీ గుర్తుండే ఉంటుంది. అలాంటి నేల మీద ఒక భవనం రోడ్డు కంటే మూడు నాలుగడుగులు మట్టి తోలి లేచి, ముందంతా సిమెంటు పరిచి, సెల్లారులోకి నీరు రాకుండా ర్యాంపు దగ్గర దిమ్మ కట్టిందంటే, ఆ నీరు ఎక్కడికి పోతుంది? ఎదురింటి వరండాలోకి పోతుంది. మా వీధిలో ఒక మోస్తరు వానకే అది జరిగింది.

ఆమోదం పొందిన ప్లానులో ఇంకుడు గుంతలు ఎన్ని, పార్కింగు ఎంత, వాననీటి కాలువ ఎటు అన్నవి రాసి ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైవాటికి 10 రూపాయలు. పంచాయతీలో ఒకటి, తుడాలో (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థలో) ఒకటి పెట్టి, వచ్చిన కాగితం చేతిలో పట్టుకుని భవనం చుట్టూ ఒకసారి నడిస్తే, మనం అడగవలసింది ఏమిటో స్పష్టంగా తెలుస్తుంది.

చంద్రగిరి అమ్మాయి:
నేను ఇలాంటి ఒక షోరూములో చీరల విభాగంలో పని చేస్తున్నాను. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు ఇది మొదటి సంపాదన కాబట్టి, ఆ భవనం రాకపోయి ఉంటే బాగుండేదని నేను అనలేను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేకపోవడం వల్ల జీతంలో దారి ఖర్చు కూడా మిగులుతోంది. కానీ పొద్దుట నుంచి రాత్రి అంగడి మూసే దాకా నిలబడే ఉండాలి. కొనేవాళ్ళు లేని మధ్యాహ్నం వేళ కూడా కూర్చోకూడదు; చీరలు విప్పి మడతపెట్టే బల్ల అంచుకు నడుము ఆనించి, ఒక కాలు మార్చి ఒక కాలు మీద బరువు మోపుతూ గడుపుతాం. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో అంగళ్ళలో పని చేసేవారికి కూర్చునే వసతి ఉండాలని చట్టం తెచ్చారు. ఇక్కడి నుంచి గంట ప్రయాణం చేస్తే సరిహద్దు దాటుతాం, అక్కడి పిల్లలకు స్టూలు ఉంది, మాకు లేదు. రాత్రి బస్సు గురించి కూడా ఎవరైనా అడగండి. మూసే వేళకు బస్సు దొరకకపోతే, ముగ్గురం కలిసి ఆటోకు పెట్టే డబ్బు పగటి మిగులును తినేస్తుంది.

కరకంబాడి రోడ్డు:
ఇంజినీరు గారు చెప్పింది నిజమే, కానీ చెరువుల కింది పొలాల్లో మొదట ఇళ్ళు కట్టుకున్నది మనమే. మన ప్లాట్లకు అడ్డురాని వంక ఆ భవనానికే అడ్డు వచ్చిందన్నట్టు మాట్లాడడం న్యాయం కాదు. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవరు పూర్తయినప్పుడు ఊరు ఇటు పెరుగుతుందని మురిసిపోయాం, పెరిగింది.

నా అభ్యంతరాలు రెండే. సెల్లారులో పార్కింగుకు డబ్బు అడుగుతున్నారని జనం బండ్లను మా గేట్ల ముందు పెట్టి పోతున్నారు. తెలంగాణలో 2018 నుంచి మాల్సులో మొదటి అరగంటకు రుసుము తీసుకోకూడదు, గంటలోపు అయితే కొన్న బిల్లు చూపిస్తే చాలు. ఇక్కడా ఆ పద్ధతిని గట్టిగా అమలు చేస్తే సగం బండ్లు లోపలికి పోతాయి. రెండవది, ప్రారంభోత్సవానికి ముందు రోజు అక్కడి తోపుడు బండ్లన్నిటినీ తరిమేశారు. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి ఉంది. సర్వే చేయకుండా, నోటీసు ఇవ్వకుండా వాళ్ళను లేపకూడదు. అక్కడ రాగి సంగటి అమ్మిన దంపతులు ఇప్పుడు ఎక్కడ పెట్టుకున్నారో తెలిసినవారు చెబితే వెళ్ళి తింటాను. పై అంతస్తులో అమ్మే సంగటి గిన్నెలో చూపుకే బాగుంది.

తుమ్మలగుంట వాసి:
అందరికీ ధన్యవాదాలు. ఇంజినీరు గారు చెప్పినట్టు రెండు దరఖాస్తులూ ఈ వారమే పెడతాను. దానితో పాటు, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక అర్జీ ఇద్దామని అనుకుంటున్నాను. భవనం ముందు రోడ్డు దాటే చారలు, వేగనిరోధకం, జనరేటరుకు శబ్దం అడ్డుకునే గది, మూసే వేళకు చంద్రగిరి వైపు ఒక బస్సు, ఆటోల తొలగింపు, ఈ ఐదింటిని రాశాను. పార్కింగు సంగతి ప్లాను కాగితం చేతికి వచ్చాక వేరుగా రాద్దాం.

విశ్రాంత ఇంజినీరు:
వానలో తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. తేదీ కనిపించేలా ముద్రించి తెస్తాను, వాటిని అర్జీకి జతపరచండి.

చిల్లరంగడి అబ్బాయి:
అర్జీలో చివరి అంశం మార్చమని కోరుతున్నాను. ఆటోలను తొలగించాలని రాస్తే సంతకం చేయడానికి మా సందులో సగం మంది ముందుకు రారు, ఎందుకంటే అక్కడ నిలిచే ఆటోల్లో చాలా వరకు మా కాలనీవాళ్ళవే, ఒకటి మా బాబాయిది. భవనం పడమటి గోడ పక్కన ఖాళీగా ఉన్న జాగాలో వాటికి స్టాండు చూపించాలని రాయండి. కాగితం మా అంగట్లో పెడితే రాత్రి పాలకు వచ్చేవాళ్ళందరి చేత నేనే సంతకాలు పెట్టిస్తాను.