ఫీల్డ్ చెక్‌లిస్ట్ యాప్ మీద వచ్చిన ఫిర్యాదుకు ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న (హన్మకొండ):
మాది చిన్న టీమ్. కన్వేయర్ బెల్టుల తనిఖీకి చెక్‌లిస్ట్ యాప్ చేశాం, రామగుండం వైపు ఒక ప్లాంట్లో వాడుతున్నారు. నిన్న ఒకాయన, "40 అంశాలు నింపాక సిగ్నల్ పోయింది, నింపినవన్నీ పోయాయి, మళ్లీ కాగితం మీదే రాసుకున్నా" అని పెట్టారు. చదివినప్పటి నుంచి మనసు బాగాలేదు. తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తామంటే సరిపోతుందా?

జవాబు (గోదావరిఖని, మెకానికల్ సూపర్‌వైజర్):
సరిపోదన్నా. ముందు ఆయనకు ఫోన్ చెయ్యి, ఎక్కడ, ఏ అంశం దగ్గర పోయిందో అడుగు. బెల్టు సొరంగంలోకి దిగితే సిగ్నల్ ఉండదు, మే నెల ఎండలో స్క్రీన్ కనపడదు, చేతులకు గ్లవుజులు, వాటి నిండా గ్రీజు, బొగ్గు పొడి. అట్లాంటి చోట చిన్న బటన్లు పెట్టి ప్రతి రోలర్‌కూ ఫొటో తప్పనిసరి అంటే, మావాళ్లు చివర్లో ఒకచోట కూర్చుని అన్నిటికీ ఓకే కొట్టేస్తారు. బెల్టు పక్కన తాడుతో ఉండే పుల్ కార్డ్ స్విచ్ చెడిపోయినా ఓకే అనే పడుతుంది. మనిషి బెల్టులో చిక్కుకుంటే ఆపడానికి లాగేది ఆ తాడునే కదా!

జవాబు (వరంగల్):
ప్రతి టిక్కూ ముందు ఫోన్‌లోనే సేవ్ కావాలి, సిగ్నల్ దొరికాక సర్వర్‌కు పోవాలి. ఫొటో, 'బాగాలేదు' అని నొక్కినప్పుడే అడగండి. ఆయనకు మాత్రం తప్పు మాదేనని సూటిగా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే మాట్లాడాను. సోమవారం పొద్దుటి షిఫ్ట్‌లో ఆయన వెంట బెల్టు పొడవునా నడుస్తా, గ్లవుజులు వేసుకునే.