సముద్రపు గాలికి ఏ పూలమొక్క నిలుస్తుంది: గన్నేరా, కాగితం పూలా?

సాగర్‌నగర్ మేడ:
ఇంటి నుంచి సముద్రం కనిపిస్తుందని అందరూ మెచ్చుకుంటారు గానీ మొక్కలు బతకడం లేదండీ. గులాబీ ఆకుల అంచులు మాడిపోతున్నాయి, అదీ సముద్రం వైపున్నవే. మొగ్గ విచ్చేలోపే ఎండి రాలుతోంది. వేసవిలో నీళ్లకి కటకట. గేటు పక్కన గన్నేరు పెట్టమంటుంది మా అమ్మ, వద్దే వద్దంటుంది మా ఆవిడ. ఏం చేయమంటారు?

భీమిలి రోడ్డు:
అమ్మగారి మాటే వినండి. హైవే డివైడర్ల మీద ఎర్రటి ఎండలో, లారీల పొగలో పూసేది గన్నేరే కదా! ఆకు మందం, ఉప్పుగాలికి లొంగదు. 2014 హుద్‌హుద్‌ తుఫానుకి మా వీధిలో పెద్ద చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. గన్నేరు పొదలు విరిగినా మొదలు దగ్గర్నుంచి మళ్లీ చిగురేశాయి.

ఇద్దరు పిల్లల తల్లి:
ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే, గుండెని పట్టే విషం. పచ్చగన్నేరు కాయ సంగతి చెప్పక్కర్లేదు. నర్సరీల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. కాగితం పూలు పెట్టుకోండి. మనం రేకులనుకునేవి నిజానికి రంగు ఆకులే, అసలు పువ్వు మధ్యలో సన్నగా తెల్లగా ఉంటుంది. అందుకే ఆ రంగు వారాల తరబడి నిలుస్తుంది.

భీమిలి రోడ్డు:
మరి ముళ్లో? గేటు పక్కనైతే వచ్చిన కొరియర్ అబ్బాయి చొక్కా చిరుగుతుంది. పైగా అవి దేవుడికి పెట్టం. మా ఇంట్లో శివుడికి గన్నేరే.

మొక్కల పిచ్చి:
మీరిద్దరూ గాలిని వదిలేసి మొక్క మీద పడ్డారు. ముందు గాలిని ఆపాలి, అదీ పూర్తిగా కాదు. గట్టి గోడ కడితే గాలి దాని మీదుగా ఎక్కి ఇవతల సుడి తిరుగుతుంది. సగం గాలి దూరే గ్రీన్ నెట్టో, వెదురు తడకో మేలు. దాని వెనక మందారం కూడా నిలుస్తుంది. ముందు వరుసకి కాగితం పూలు, కుండీల్లో అడీనియం, బిళ్ళగన్నేరు, టేబుల్ రోజ్. కాగితం పూలకి వేరు పట్టేదాకే నీళ్లు ముఖ్యం, తర్వాత ఎక్కువ పోస్తే ఒట్టి ఆకులే. మేలో నాటకండి, వానలు పడనివ్వండి.

భీమిలి రోడ్డు:
అడీనియం, బిళ్ళగన్నేరు కూడా గన్నేరు కుటుంబమే, వాటిలోనూ విషం ఉంది. పిల్లల తల్లి గారూ, మీ ఇంట్లో లేవా?

ఇద్దరు పిల్లల తల్లి:
అడీనియం ఉందండీ, పిట్టగోడ మీద. పిల్లల చేతికి అందదు.

మొక్కల పిచ్చి:
పిట్టగోడ మీదా! తుఫాను రోజు కింద ఎవరి నెత్తిన పడుతుందో. ముందు దించండమ్మా.

సాగర్‌నగర్ మేడ:
సరే, గేటుకి దూరంగా ప్రహరీకి కాగితం పూలు, ముందు తడక. మా బోరు నీళ్లు ఉప్పన, ఫర్వాలేదా?

మొక్కల పిచ్చి:
మొక్క మొదలు దగ్గర పోయండి గానీ ఆకుల మీద పడనీయకండి. గాలి గట్టిగా వీచిన మర్నాడు మాత్రం కాస్త మంచినీళ్లతో ఆకులు కడగండి.