స్పోర్ట్స్ కారు క్లచ్ 62,000 కిలోమీటర్లకే జారుతోంది

2014 మోడల్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లు, ఎక్కువగా హైదరాబాద్ ట్రాఫిక్‌లోనే. మూడు వారాలుగా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఐదో గేర్‌లో 80 స్పీడ్ దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం 2,500 నుంచి 4,000కి ఎగబాకుతోంది, స్పీడోమీటర్ ముల్లు మాత్రం కదలదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగి కదిలితే మాడు వాసన. పెడల్ దాదాపు పైదాకా వచ్చాకే బండి కదులుతోంది.

క్లచ్ ఫ్లూయిడ్ మార్పించి, లైన్‌లో గాలి తీయించాను. తేడా లేదు. హ్యాండ్‌బ్రేక్ వేసి మూడో గేర్‌లో క్లచ్ వదిలితే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి కదా, రెండు సెకన్లు గుంజుకుని ఆగింది. ఆయిల్ లీకేజీ ఎక్కడా లేదు.

క్లచ్‌లోని ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ మార్చాలన్నాడు మెకానిక్. అవి రావడానికి ఆరు వారాలట. నాకు టెన్షన్ అంతా ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఒరుసుకునే, ఇంజిన్‌కి బిగించిన బరువైన చక్రం) గురించే. అప్పటిదాకా రోజుకి 15 కిలోమీటర్లు మెల్లగా నడిపితే అది దెబ్బతింటుందా?