అప్‌డేట్: పోటు వేళకు మార్చిన సాయంత్రం తరగతులు

మత్స్యకార కుటుంబాల పిల్లల ఉచిత తరగతులకు హాజరు ఒక వారం నిండుగా, మరో వారం సగానికి ఎందుకు పడిపోతోందని అడిగాను కదా, కారణం తేలింది. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) లోతు తక్కువైన చోట పడవలు పోటు చూసుకునే లోపలికొస్తాయి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, తరగతి మాత్రం రోజూ 5 గంటలకే. చేపలు ఏరడం, చంటిపిల్లల్ని చూసుకోవడం ఆ వేళకే పడితే పిల్లలు ఎలా వస్తారు?

ఇప్పుడు పోటు పట్టిక చూసి రెండు వారాల వేళలు ముందే వేసి రేవులో అంటిస్తున్నాం. తినుబండారం చివర్లో కాదు, రాగానే పెట్టాలి. ఆకలి మీద అక్షరం తలకెక్కదు.

గుంపులు వయసును బట్టి వద్దు. అక్షరం, పదం, పేరా, కథ: ఎంతవరకు చదవగలిగితే ఆ గుంపు, 15 మందికి మించకుండా. గదిలో పెద్దవాళ్లు ఇద్దరుండాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు.

ఉప్పుగాలికి ఇనుప బీరువా తుప్పు పడుతుంది, పుస్తకాలకు బూజు. బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాల్లో పుస్తకాలు పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు (రంగు మారే రకం) వేయండి. తేమ పట్టి రంగు మారితే 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేసి మళ్లీ వాడొచ్చు.

వేట ఆగి కుటుంబాలు వలస వెళ్లేముందు, బిడ్డ స్థాయి రాసిన కార్డు తల్లి చేతికివ్వండి. తిరిగొచ్చాక అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.