యువ వాద్యకారుల పోటీ ఫైనల్‌కు వెళ్తున్నాను: దేన్ని గమనిస్తూ వినాలి?

కొత్త శ్రోత:
నమస్కారం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో యువ వాద్యకారులకు జరిగే ఒక పోటీ ఫైనల్‌కు శ్రోతగా వెళ్లబోతున్నాను. ముగ్గురు పోటీదారులలో ఒకరు చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద తంత్రీవాద్యం), ఒకరు పియానో, మరొకరు శాక్సఫోన్ వాయిస్తారు. ప్రతి ఒక్కరూ పూర్తి ఆర్కెస్ట్రాతో కలిసి ఒక కాన్సర్టో, అంటే ఒక ప్రధాన వాద్యానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచన, వినిపించాలి. ఇంతవరకు రికార్డింగులు వినడమే తప్ప పోటీని ప్రత్యక్షంగా చూడలేదు. వేర్వేరు వాద్యాలపై వేర్వేరు రచనలు వాయించేవారిని ఏ ప్రాతిపదికన పోల్చాలి? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

వెనుక వరుస:
కొత్త శ్రోత గారూ, వాద్యాలను పోల్చే ప్రయత్నం మానుకుని, ఆ పిల్లవాడో పిల్లో ఆర్కెస్ట్రాను ఎంతగా వింటున్నారో గమనించండి. వేళ్ల వేగం లేకుండా ఎవరూ ఫైనల్ దాకా రారు కాబట్టి అక్కడ తేడా తేల్చేది అది కాదు. మునుపటి దశలలో ఒంటరిగానో, పియానో సహకారంతోనో వాయించిన వారికి ఇప్పుడు వెనుక అరవై డెబ్బై మంది ఉంటారు, రిహార్సల్ సమయం తక్కువగా ఉంటుంది. ఒక స్వరాన్ని కాస్త సాగదీయాలనుకుంటే ఆ సంగతి ఆర్కెస్ట్రాను చేతి సంజ్ఞలతో నడిపించే కండక్టర్‌కు శ్వాసతోనో భుజం కదలికతోనో ముందే అందాలి.

2016లో బ్రిటన్‌లోని యువ వాద్యకారుల పోటీ బీబీసీ యంగ్ మ్యుజీషియన్ ఫైనల్లో పదిహేడేళ్ల షేకు కానే-మేసన్ వాయించి గెలిచిన, రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ రాసిన మొదటి చెల్లో కాన్సర్టోనే తీసుకోండి. ఆ ఆర్కెస్ట్రాలో ఇత్తడి వాద్యం ఒక్క హారన్ మాత్రమే. అది చెల్లోతో ముఖాముఖి సంభాషిస్తుంది, ఒక్కోసారి ప్రధాన రాగభాగం దానికే దక్కి చెల్లో సహకారానికి తగ్గుతుంది. అలా తగ్గవలసిన చోట తగ్గడం పోటీలో ఉన్నవారికి చాలా కష్టం. ఆ రచనలో మూడవ భాగమంతా కడెంజాయే, అంటే ఆర్కెస్ట్రా మౌనం వహించగా చెల్లో ఒక్కటే వినిపించే ఘట్టం. మన కచేరీలో తని ఆవర్తనంలా సభ దృష్టి అంతా ఒక్కచోట నిలుస్తుంది, కానీ ఇక్కడ ప్రతి స్వరమూ ముందే రాసి ఉంటుంది.

స్వరలేఖ:
పై మాటతో ఏకీభవిస్తాను. అయితే వెళ్లేముందు ఒకే రికార్డింగును పదేపదే వినకండి. దానికి భిన్నంగా వాయించిన ప్రతిదీ తప్పులా తోస్తుంది. ఇద్దరు వేర్వేరు వాద్యకారులవి విని వదిలేయండి.

ఇక చప్పట్ల విషయం. భాగానికీ భాగానికీ మధ్య నిశ్శబ్దంగా ఉండడం నేటి ఆచారమే గాని శాశ్వత నియమమేమీ కాదు. 1778లో పారిస్‌లో తన సింఫనీని (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనను) ప్రదర్శించినప్పుడు, సంగీతం సాగుతుండగానే శ్రోతలు చప్పట్లు కొట్టారని మోజార్ట్ తండ్రికి సంతోషంగా రాశాడు. అయినా మీరు మాత్రం కండక్టర్ చేతులు పూర్తిగా దించేవరకు ఆగండి. పైన చెప్పిన షోస్తకోవిచ్ కాన్సర్టోలో చివరి మూడు భాగాలూ విరామం లేకుండా కలిసిపోతాయి కనుక, భాగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవారు కూడా తికమకపడతారు.

కొత్త శ్రోత:
ఇద్దరికీ ధన్యవాదాలు. నాకు నచ్చినవారు గెలవకపోతే నా వినికిడిలో లోపం ఉన్నట్టేనా? మరొకటి, ఎక్కడ కూర్చుంటే మంచిది?

వెనుక వరుస:
లోపమేమీ లేదు. న్యాయనిర్ణేతలు కూడా తరచుగా తమలో తాము విభేదిస్తారు. ముందు చెప్పిన బీబీసీ పోటీలోనే 2004లో వయొలిన్ వాద్యకారిణి నికొలా బెనెడెట్టి గెలిచినప్పుడు, పదకొండేళ్ల బెంజమిన్ గ్రోవ్‌నర్ కూడా ఫైనల్లో ఉన్నాడు. 2011లో లండన్‌లో ఏటా జరిగే సంగీతోత్సవం బీబీసీ ప్రామ్స్ ప్రారంభ కచేరీలో పియానో వాయించినది అతడే. 2016లో గెలవని శాక్సఫోన్ వాద్యకారిణి జెస్ గిల్లమ్ కూడా రెండేళ్లకే ప్రామ్స్ ముగింపు రాత్రి వేదికపై వాయించింది. ఫలితం వెలువడేలోపు మీ అభిప్రాయాన్ని కాగితం మీద రాసి ఉంచుకోండి, లేకపోతే ప్రకటన వినగానే అది తెలియకుండానే మారిపోతుంది.

కూర్చునే చోటు విషయానికొస్తే, పియానో వాయించేవారి చేతులు కనబడాలంటే వేదికకు ఎదురుగా నిలబడినప్పుడు ఎడమవైపు వచ్చే సీట్లు తీసుకోవాలి. చెల్లోకూ ఆర్కెస్ట్రాకూ మధ్య సమతూకం వినాలంటే మాత్రం ముందు వరుసలు వదిలి హాలు మధ్యకు వెళ్లడం మేలు; మీ ముగ్గురిలో ఇద్దరు పియానో వాయించనివారే కనుక నేనైతే మధ్యలోనే కూర్చుంటాను.